పిడికెడు బియ్యం: మలబారు ప్రయాణంలో చూసినవి

కోజికోడ్ నుండి చెమ్మాడ్ వెళ్ళే ప్రైవేటు బస్సు ఎక్కినప్పుడు కండక్టరు చేతిలో టికెట్ల యంత్రానికి బదులు ఒక ప్లాస్టిక్ బకెట్టు కనిపించింది. అతడు ఎవరినీ ఎక్కడికని అడగడం లేదు. సీట్ల మధ్య నెమ్మదిగా నడుస్తూ బకెట్టును ముందుకు చాపుతున్నాడు, అంతే. కూలిపనికి వెళ్తున్నట్లున్న ఒక పెద్దమనిషి చొక్కా జేబులో నుండి మడతలు పడిన యాభై రూపాయల నోటు తీసి అందులో వేశాడు. చిల్లర కొరకు ఆగలేదు. కళాశాలకు వెళ్ళే ఆడపిల్లలు తలా ఇరవై వేశారు. మాకు విషయం బోధపడక పక్కన కూర్చున్న శిష్యుని ముఖం చూశాము.

"హజ్రత్, ఈ రోజు ఈ బస్సు కారుణ్య యాత్ర చేస్తోంది" అన్నాడతడు. ఈ దారిలోనే ఉన్న ఒక ఊరి బాలునికి మూత్రపిండాలు చెడిపోయాయట. ఈ రోజు వచ్చే మొత్తమంతా అతని చికిత్సకు పోతుంది. డీజిలు ఖర్చు యజమానిది. డ్రైవరు, కండక్టరు, క్లీనరు ఈనాటి కూలి తీసుకోరు. టికెట్టు ఉండదు, ఎవరికి తోచినంత వారు వేస్తారు. మలబారులో ఇది కొత్త సంగతి కాదట. ఒక్కొక్కసారి ఒకే దారిలో తిరిగే బస్సులన్నీ ఒకే రోజున ఇలా నడుస్తాయట.

మేము వంద రూపాయలు వేశాము. అంతలో బస్సు మలుపు తిరిగింది. ఒక దుకాణపు అద్దంలో బస్సు ముందుభాగం ప్రతిబింబించింది. అక్కడ కట్టిన ఫ్లెక్సీ బ్యానరు మీద ఆ బాలుని ముఖం ఉంది. మేము కర్నూలు జిల్లా నుండి ఇంత దూరం రావడానికి కారణం అటువంటి ఒక ఫోటోయే గనుక, ఆ సంగతి ముందు చెప్పాలి.

మేము ముప్పై సంవత్సరాలుగా ఒక చిన్న మదరసాలో బోధిస్తున్నాము. అరవై మంది పిల్లలు అక్కడే ఉండి చదువుకొంటారు. వారిలో ఇరవై రెండు మంది యతీములు, అనగా యుక్తవయస్సుకు ముందే తండ్రిని పోగొట్టుకొన్నవారు. మదరసాకు ఆదాయం ప్రధానంగా రెండు దారులలో వచ్చేది. ఒకటి బక్రీదునాడు ఇళ్ళవారు ఇచ్చే ఖుర్బానీ తోళ్ళు, రెండవది రమజాన్ చందాలు. తోళ్ళ ధర గత పదేళ్ళలో ఎంత పడిపోయిందంటే, మొన్నటి బక్రీదుకు సేకరించిన గొర్రె తోళ్ళను అమ్మగా వచ్చింది ఆటో బాడుగకు, ఉప్పు ఖర్చుకు సరిపోలేదు. రమజాన్ చందాల సంగతి చదువరులకు తెలిసినదే. రశీదు పుస్తకం పట్టుకొని వచ్చే సఫీరు కంటె ఫోను తెర మీద కనిపించే దృశ్యానికే ఇప్పుడు జనం స్పందిస్తున్నారు.

పైగా జకాత్ సొమ్ముకు ఒక నియమం ఉంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దానిని అర్హుడైన పేదవానికి సొంతం చేయాలి. ఆ సొమ్ముతో ఉపాధ్యాయుల జీతాలు ఇవ్వరాదు, గోడ కట్టరాదు, కరెంటు బిల్లు కట్టరాదు. వాటికి ఐచ్ఛికమైన దానమే దిక్కు. అదే ఇప్పుడు సన్నగిల్లింది.

మా కమిటీలో చదువుకొన్న యువకుడొకరు ఒక పోస్టరు నమూనా తయారుచేసి తెచ్చారు. పిల్లలు ఖాళీ పళ్ళాలు పట్టుకొని వరుసగా నిలబడి ఉంటారు. కింద క్యూఆర్ కోడ్ ఉంటుంది. మేము వద్దన్నాము. "మీకు నచ్చకపోతే వేరే దారి చూపండి మౌలానా, నెలకు ముప్పై వేల లోటు ఎలా పూడ్చాలి?" అని అతడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. మా వద్ద జవాబు లేదు. వద్దనడానికి కారణమూ కమిటీ వారికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాము.

పద్దెనిమిది సంవత్సరాల క్రితం మేము కూడా సఫీరుగా రమజానులో పట్టణాలు తిరిగేవారము. ఒక సంవత్సరం వెంట ఒక తొమ్మిదేళ్ళ బాలుని తీసుకువెళ్ళాము. మధురమైన కంఠం. తండ్రి లేడు. ఒక బట్టల దుకాణంలో యజమాని ఏదైనా చదవమంటే సూరె జుహా చదివాడు. దైవప్రవక్త (స) అనాథగా ఉండగా అల్లాహ్ ఆశ్రయమిచ్చిన సంగతిని గుర్తుచేసే సూరా అది. యజమాని కన్నీరు తుడుచుకొని, నోట్లు తీసి నేరుగా పిల్లవాని జేబులో కుక్కారు. పక్క దుకాణాలకు కబురు పంపారు. ఆ మధ్యాహ్నం ఆ పిల్లవాడు అదే సూరాను ఏడు దుకాణాలలో చదివాడు. ఉపవాసంతో ఉన్నాడు కూడా.

రాత్రి తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "హజ్రత్, నేను బాగా చదివానని ఇచ్చారా, నాకు అబ్బా లేరని ఇచ్చారా?" అని అడిగాడు.

"రెండూను" అన్నాము. అతడు కిటికీ వైపు తిరిగాడు.

ఆ సంవత్సరం వసూలు మునుపటికి రెట్టింపైంది. అందువల్ల మరుసటి సంవత్సరం కూడా అతనిని తీసుకువెళ్ళాము. ఈ మాట రాయడానికి సిగ్గుపడుతున్నాము గాని, దీనిని దాచి మిగిలినదంతా రాయడం న్యాయం కాదు.

మలబారుకు మమ్మల్ని పిలిచినది మా పాత శిష్యుడు. పుంగనూరులో చెమ్మాడ్ దారుల్ హుదా వారి శాఖ ఒకటి ఉంది. అతడు అక్కడ చదివి, ఆ తరువాత 1986లో ఏర్పడిన మూల విద్యాపీఠానికే వెళ్ళాడు. మలయాళం మాతృభాషలా మాట్లాడుతాడు. "ఒకసారి వచ్చి చూడండి, ఇక్కడి వారు పిల్లల కొరకు ఎన్ని విధాలుగా డబ్బు కూడబెడతారో" అని రెండేళ్ళుగా అంటున్నాడు. గత రజబ్ మాసంలో బయలుదేరాము. రాయలసీమ ఎండు నేలల నుండి వెళ్ళినవారికి పాలక్కాడ్ కనుమ దాటిన తరువాత కిటికీలో కనిపించే పచ్చదనం కొంత అసూయనే కలిగిస్తుంది. అల్లాహ్ ఎవరికి ఏది ఇచ్చాడో ఆయనకే తెలుసు.

మొదటి రాత్రి పూర్వం కాలికట్ అని పిలిచిన కోజికోడ్ లో గడిపాము. కుట్టిచిరలోని మిష్కాల్ మసీదులో ఇషా నమాజు చేశాము. మినారులు, గుమ్మటాలు లేకుండా, అంతస్తులుగా పెంకుల కప్పుతో, కొయ్య పనితనంతో చెరువు గట్టున నిలిచిన మసీదు అది. యెమెను నుండి వచ్చిన ఒక నౌకా వర్తకుడు కట్టించినది. 1510లో పోర్చుగీసు వారు తగులబెట్టగా మళ్ళీ లేచింది. వర్తకుని సొమ్ముతో లేచిన ఆ కట్టడాన్ని చూసి బయటికి వస్తే, ఎదురుగా టీకొట్టులో గల్లాపెట్టె పక్కనే ఒక రేకు డబ్బా ఉంది. ఏదో అనాథశరణాలయం పేరు రాసి తాళం వేసి ఉంది. ఆ మూడు రోజులలో అటువంటి డబ్బాలు మందుల షాపులలో, మంగలి దుకాణాలలో, చేపల అంగడిలో ఎన్ని చూశామో లెక్కలేదు. టీ తాగినవాడు మిగిలిన రెండు రూపాయలు అందులో వేసి వెళ్తాడు. ఎవరూ అతని వైపు చూడరు.

ఈ ప్రాంతంలో అనాథల సంరక్షణకు ఇంత వ్యాప్తి రావడం వెనుక కన్నీటి చరిత్ర ఉంది. 1921లో మలబారులో బ్రిటిషు పాలనపై తిరుగుబాటు రేగింది. ఆ కల్లోలంలో ఇరు మతాలవారూ ఎన్నో బాధలు పడ్డారు. తరువాత జరిగిన అణచివేతలో వేలాది మాప్పిళ్ళ ముస్లిములు చనిపోయారు, వేలాది మంది జైళ్ళ పాలయ్యారు. మన పొరుగున ఉన్న బళ్ళారి జైలుకు కూడా వారిని తరలించారు. అదే సంవత్సరం నవంబరులో తిరూరు నుండి గాలి ఆడని రైలు పెట్టెలో కుక్కి పంపిన ఖైదీలలో డెబ్బై మంది వరకు ఊపిరాడక మరణించారు. మగదిక్కు పోయిన ఇళ్ళలో పిల్లలు మిగిలారు. వారి కొరకు 1922లో కోజికోడ్ లో జె.డి.టి. ఇస్లాం అనాథశరణాలయం ఏర్పడింది. దానికి పూనుకొన్నవారు పంజాబులోని కసూరుకు చెందిన మౌలానా అబ్దుల్ ఖాదిర్ కసూరీ. భాష రాదు, బంధుత్వం లేదు, దేశానికి ఆ కొన నుండి ఈ కొన. వెళ్ళిమాడుకున్నులోని దాని ఆవరణ ఇప్పుడు ఎన్నో విద్యాసంస్థలతో నిండి ఉంది. దాని ముందు నిలబడి మేము కసూరు ఎక్కడ, కాలికట్ ఎక్కడ అనుకొన్నాము.

బస్సు చెమ్మాడ్ చేరింది. అక్కడికి దగ్గరలోనే తిరూరంగాడి, దాని పక్కన కడలుండి నది, నదికి ఆవల మంపురం. 1943లో మలబారును కరువు, కలరా కలిసి పట్టి పీడించినప్పుడు కె.ఎం. మౌలవి, ఎం.కె. హాజీ మొదలైన పెద్దలు తిరూరంగాడిలో అనాథశరణాలయం స్థాపించారు. ఆ సంస్థవారే 1968లో ఒక కళాశాల తెరిచారు. దాని పేరు పోకర్ సాహిబ్ మెమోరియల్ ఆర్ఫనేజ్ కాలేజి. ఆ పేరును మేము గేటు వద్ద రెండుసార్లు చదువుకొన్నాము. అన్ని రకాల కుటుంబాల పిల్లలు చదివే కళాశాల పేరులో అనాథశరణాలయం అన్న మాట ఉన్నది. ధనవంతుని కుమారుని పట్టా మీద కూడా ఆ మాట ఉంటుంది. మా ప్రాంతంలో ఇటువంటి పేరు పెడితే మొదటి సంవత్సరమే మార్చమని తల్లిదండ్రులు గొడవ చేస్తారని మా అనుమానం.

శిష్యుడు మమ్మల్ని దగ్గరి ఊరిలో ఒక వృద్ధురాలి ఇంటికి తీసుకువెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి. అందరూ ఆమెను ఉమ్మ అనే పిలుస్తారు. మేమూ అలాగే పిలిచాము. గడప అవతల కుర్చీలో కూర్చొని, "ఉస్తాద్ అంత దూరం నుండి బియ్యం సంగతి అడగడానికి వచ్చారా?" అని నవ్విందట. నవ్వు మాకు అర్థమైంది, మాటలు శిష్యుడు చెప్పాడు.

బియ్యం సంగతి ఇది. దానిని వారు పిడియరి అంటారు. పిడి అంటే మన పిడికిలియే, అరి అంటే బియ్యం. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ, కడగడానికి ముందే, ఇల్లాలు అందులో నుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేస్తుంది. వారానికో నెలకో మదరసా నుండి, అనాథశరణాలయం నుండి ఎవరో సంచితో వస్తారు. కుండ ఖాళీ అవుతుంది. ఇందులో మగవాని సెలవు అక్కరలేదు, చేతిలో డబ్బు అక్కరలేదు. సొంత సంపాదన అంటూ లేని స్త్రీ కూడా రోజుకు రెండుసార్లు దానం చేసేది. ఇది ముస్లిముల సొత్తు మాత్రమే కాదు. కేరళ క్రైస్తవులలోనూ ఉన్నది. ఈశాన్యాన మిజోరంలో క్రైస్తవ స్త్రీలు ఇదే పద్ధతిని శతాబ్దానికి పైగా నడుపుతున్నారు. ఉత్తరాదిన ఎన్నో మదరసాలు ఇటువంటి పిడికెడు పిండితో, పిడికెడు బియ్యంతో బ్రతికాయి.

"కరువు రోజుల్లో మీ తల్లి ఏం చేసేది?" అని అడిగించాము.

ఉమ్మ తన కుడిచేయి ఎత్తి చూపింది. వేళ్ళు ముడిచి, ఇంకా ముడిచి, గుప్పిటలో నాలుగు గింజలు మాత్రమే పట్టేటంత బిగించింది. "మానలేదు. పిడికిలి చిన్నది చేసింది" అని చెప్పింది.

ఆ రాత్రి మాకు ఒక తెలుగు మాట గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు. ముష్టి. ఆ మాటకు అర్థం పిడికిలి అని మాత్రమే. పిడికెడు గింజలు పెట్టడం నుండి మన భాషలో అది బిచ్చమనే అర్థానికి దిగజారింది. మలబారులో పిడియరి అన్నది, మన వద్ద ముష్టి అయినది ఒకే పిడికిలి. ఇల్లాలు ఎవరూ చూడకుండా కుండలో వేసినప్పుడు అది సదఖా. అవే గింజల కొరకు ఒక పిల్లవాడు వాకిట నిలబడి చేయి చాపినప్పుడు, లేదా సూరె జుహా చదివినప్పుడు, అది ముష్టి. గింజలలో తేడా లేదు.

అయితే పిడియరి కూడా ఇప్పుడు తగ్గుతోంది. చాలా ఇళ్ళలో కుండకు బదులు నాణేల డబ్బా వచ్చింది, కొన్నిచోట్ల ఫోను ద్వారా నెలవారీ మొత్తం. ఉమ్మ కోడలు ఆ మాట చెప్పి, "బియ్యం మోసుకుపోయే వాళ్ళెవరున్నారు ఉస్తాద్?" అన్నది. నిజమే.

రెండవ రోజు రాత్రి మాత్రం మేము మరిచిపోలేము. కొబ్బరి తోటలో కుర్చీలు వేశారు. వేదిక మీద ట్యూబులైట్లు. స్త్రీలకు పరదా వెనుక చోటు. ఇషా తరువాత ఒక పండితుని ప్రసంగం ఉంది. దానికి ముందు లేలం, అనగా వేలంపాట. ఆ చుట్టుపక్కల తండ్రి లేని పిల్లలకు బడి సంచులు, పుస్తకాలు, దుస్తులు కొనడానికట. ఊరివారు తెచ్చినవి ఒక బల్లపై పరిచి ఉన్నాయి: నేంద్రం అరటి గెల, తేనె సీసా, ఒక పుంజు, రెండు గుమ్మడికాయలు, ఎవరో ఇల్లాలు చేసిన పిండివంటల డబ్బా, ఒక కోడిగుడ్డు. గుడ్డును ఎనిమిదేళ్ళ పిల్లవాడు తెచ్చాడు, వాని కోడి పెట్టినదట.

వేలం పాడినది చేపల వ్యాపారి. పొద్దున చేపల రేవులో పాడే గొంతుతోనే ఇక్కడా పాడాడు. ఒరు తరం, రండు తరం అని సాగదీసి, మూన్ను తరం అనకుండా ఆపి, ఎవరి వైపో చూసి నవ్వేవాడు. అరటి గెల ఆరు వందలకు పోయింది. కొన్నవాడు డబ్బు కట్టి, గెలను మళ్ళీ బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పాట. ఆ గెల నాలుగుసార్లు అమ్ముడైంది. పరదా వెనుక నుండి చిన్నపిల్లలు చీటీలు పట్టుకొని పరుగెత్తి వచ్చి స్త్రీల పాట చెబుతున్నారు. కోడిగుడ్డు పదకొండుసార్లు అమ్ముడైంది. చివరికి దానిని కొన్న ముసలాయన తెచ్చిన పిల్లవానికే తిరిగి ఇచ్చి, పొదిగించమన్నాడు.

మా బుద్ధి ఫిఖ్హ్ పాఠాలలో పెరిగినది గనుక ఊరుకోలేదు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచి ఇతరులను మోసగించడాన్ని షరీఅత్ నిషేధించింది. ఇది అటువంటిదా? పక్కన ఉన్న స్థానిక ఉస్తాదును అరబీలో అడిగాము. మోసపోయేవాడు ఉంటేనే గదా మోసం, ఇక్కడ గుడ్డు ధర ఆరు రూపాయలని అందరికీ తెలుసు, అన్నారాయన. మేము ఒప్పుకొన్నాము. ఇద్దరు గల్ఫు నుండి వచ్చినవారు ఒకరిపై ఒకరు పంతం పట్టి పుంజును తొమ్మిది వేలకు తీసుకుపోయినప్పుడు మాత్రం, ఇందులో ప్రదర్శనాబుద్ధి లేదా అని మళ్ళీ అడిగాము. ఆయన పెద్దగా నవ్వి, "వారి నియ్యత్ సంగతి అల్లాహ్ చూసుకొంటాడు ఉస్తాద్, పిల్లల సంచుల సంగతి మేము చూసుకొంటాము" అన్నారు.

హదీసులలో ప్రసిద్ధమైన ఒక ఉదంతం అప్పుడు మనస్సులో మెదిలింది. ఒక అన్సారీ పేదవాడు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సహాయం అడిగాడు. ఇంట్లో ఏముందని ఆయన ప్రశ్నించారు. ఒక ముతక గుడ్డ, ఒక గిన్నె. వాటిని తెప్పించి, సహచరుల మధ్య పాట పెట్టారు. ఒకరు ఒక దిర్హం అన్నారు. ఇంకెవరు ఎక్కువ ఇస్తారని ఆయన రెండు మూడుసార్లు అడిగారు. రెండు దిర్హములకు అమ్ముడయ్యాయి. ఒకదానితో ఇంటికి ఆహారం కొనమని, రెండవదానితో గొడ్డలి తలకట్టు తెమ్మని చెప్పి, తెచ్చిన గొడ్డలికి తన స్వహస్తాలతో కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని పంపారు. ఈ హదీసును మేము విద్యార్థులకు ఎన్నోసార్లు బోధించాము. ఎప్పుడూ కష్టపడి పనిచేయడం గురించే బోధించాము. ఆ సభలో ఆ మనిషి పేదరికాన్ని వేలం వేయలేదని, అతని గిన్నెను మాత్రమే వేలం వేశారని కొబ్బరి తోటలో కూర్చున్నప్పుడే తోచింది.

కార్యక్రమం మధ్యలో శిష్యుని చెవిలో, ఆ యతీము పిల్లలు వచ్చారా, ఎవరు వారు, అని అడిగాము. వచ్చారు హజ్రత్, అన్నాడు. ఎక్కడ అన్నాము. చుట్టూ వేరుశనగలు నములుతూ, కుర్చీల కింద దూరుతూ, చీటీలు పట్టుకొని పరుగెత్తుతూ నలభై యాభై మంది పిల్లలు ఉన్నారు. "వారిలోనే ఉన్నారు. ఎవరన్నది నాకూ తెలియదు, అడగరు ఇక్కడ" అన్నాడు. సంచులు కూడా ఆ ప్రాంతంలోని పిల్లలందరికీ ఒకే రకంగా ఇళ్ళకు చేరుతాయట. తల్లి ఉన్న పిల్లలను అనాథశరణాలయాలలో చేర్చకుండా, తల్లి వద్దనే ఉంచి ఖర్చు పంపడం ఇప్పుడు ఇక్కడ పెరుగుతోందని ఆ ఉస్తాదు చెప్పారు. బాలల సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలని 2015 చట్టం నిర్దేశించడం ఒక కారణమైతే, తల్లి ఒడి కంటె మంచి శరణాలయం లేదన్న ఎరుక మరొకటి.

చూసినవాటిలో మరికొన్ని త్వరగా చెబుతాము. బిర్యానీ ఛాలెంజ్ అని ఒకటి ఉంది. ఒక పిల్లవాని చికిత్సకు డబ్బు కావాలంటే యువకులు వారం ముందే ఇంటింటా ఆర్డర్లు తీసుకొంటారు. బియ్యం ఒక వర్తకుడు, కోళ్ళు మరొకడు, కట్టెలు ఇంకొకడు ఇస్తారు. ఊరి వంటవాళ్ళు రాత్రంతా వండుతారు. ఆదివారం మధ్యాహ్నానికి పొట్లం గడపకు చేరుతుంది. ఖర్చు దాదాపు లేదు గనుక వచ్చినదంతా మిగులు. 2020లో యువజనులు ఇళ్ళలోని పాత పత్రికలు, ఇనుప తుక్కు పోగుచేసి అమ్మి సహాయనిధులకు ఇచ్చారు. ఇచ్చేవానికి ఇంట్లో చోటు మిగిలింది, పుచ్చుకొనేవానికి పూట గడిచింది.

ఒక సంగతి మాత్రం మమ్మల్ని తికమక పెట్టింది. 2021లో ఉత్తర మలబారులోని ఒక ఊరివారు, అరుదైన కండరాల వ్యాధి ఉన్న ఒక పసివానికి 18 కోట్ల రూపాయల మందు కొరకు విన్నపం చేశారు. కొద్ది రోజులలోనే అంతకు రెట్టింపుకు మించి వచ్చింది. మిగిలినది అదే వ్యాధి ఉన్న ఇతర పిల్లలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఇచ్చినవారిలో అధికులు సామాన్యులే. ఇది ఫోటో వల్ల, వీడియో వల్ల జరిగినదే. అది లేకపోతే ఆ మందు రాదు. కనుక బొమ్మ వేయడమే పాపమని మేము అనలేము. బస్సు బ్యానరు గురించి కండక్టరును అడిగినప్పుడు కూడా, ముఖం లేకపోతే దొంగ వసూళ్ళని జనం అనుమానిస్తారని అన్నాడు. అదీ నిజమే. ఆ బాలుడు ఆ దారివారందరికీ పొరుగింటి పిల్లవాడు, ప్రాణం మీదికి వచ్చినవాడు. మా పోస్టరులోని పిల్లలు ఆకలితో లేరు. ఖాళీ పళ్ళాలు మేము పట్టించవలసి ఉండేది.

తిరిగి వచ్చిన తరువాత కమిటీకి ఇదంతా చెప్పాము, పద్దెనిమిదేళ్ళ క్రితం సంగతితో సహా. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. వేలంపాట మన ఊరిలో నవ్వులపాలవుతుందని అధ్యక్షులు అన్నారు. మాకూ అలాగే అనిపించింది. పోస్టరు తెచ్చిన యువకుడే, బియ్యం సంగతి చూద్దామన్నాడు. మా ఇంట్లోవారు మొదటి డబ్బా పెట్టారు. పాలపొడి ఖాళీ డబ్బాలు నలభై ఇళ్ళలో ఉంచాము.

మొదటి నెల తూచితే డెబ్బై ఒక్క కిలోలు వచ్చాయి. ముప్పై వేల లోటు ముందు అది ఏ మూలకు? పోస్టరు ఈ రమజానుకు అచ్చు కాలేదు. వచ్చే రమజానుకు కాదని మాట ఇవ్వలేము. జకాతు మీదనే బ్రతికే ఒక వితంతువు తనకూ డబ్బా కావాలని వచ్చినప్పుడు కమిటీలో వాదన జరిగింది. పుచ్చుకొనేవారి నుండి ఎలా తీసుకొంటామని కొందరు అడ్డు చెప్పారు. మేము ఉమ్మ పిడికిలి గుర్తుచేసుకొని, ఇవ్వమన్నాము. నెలాఖరున ఆమె డబ్బాలో మూడు కిలోలు ఉన్నాయి. మా డబ్బాలో రెండున్నర.

ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇప్పుడు ఒక గల్ఫు దేశంలో ఏసీలు బాగుచేసే పని చేస్తున్నాడు. ప్రతి నెలా మదరసాకు డబ్బు పంపుతాడు. రశీదులో పేరు రాయవద్దంటాడు. సెలవులకు ఊరికి వచ్చినా మదరసా లోపలికి రాడు. అతని ప్రశ్నకు వేరే జవాబు చెప్పాలని చాలాసార్లు అనుకొన్నాము. ఫోను చేసినప్పుడల్లా ఆరోగ్యం గురించి, అక్కడి ఎండల గురించి మాట్లాడి ముగిస్తాము.

డబ్బాల బియ్యంతో మా వంటమనిషికి మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. సోనామసూరి, దొడ్డు బియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసి రావడంతో ఒకటి ఉడికేసరికి మరొకటి చిమిడిపోతున్నది. రేషను బియ్యం అమ్మరాదు. ఏరడం ఎవరి తరమూ కాదు. చివరికి అన్నీ కలిపి నానబెట్టి రుబ్బించి, శుక్రవారం ఉదయం దోసెలు పోయిస్తున్నాము. శుక్రవారం దోసెలు ఎందుకు పెడుతున్నారని పిల్లలలో ఒక్కరూ ఇంతవరకు అడగలేదు.